బొండపేట మఫ్టీ దళం

ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. రాష్ట్రంలో ఎక్కడా ప్రైవేటు సైన్యాలు ఉండరాదు, ఉన్నవాటిని గుర్తించి, నమోదుచేసి, ప్రభుత్వం అదుపులోకి తేవాలి. ఉత్తర్వు మంచిదే. ప్రైవేటు సైన్యాలు కూడదనే విషయంలో బొండపేట జనానికి రెండో అభిప్రాయం లేదు. చిక్కల్లా గుర్తించడం దగ్గర వచ్చింది. మండలానికి కనీసం ఒక సైన్యాన్ని గుర్తించి తీరాలని లక్ష్యం పెట్టారు. బొండపేటలో కుళాయి దగ్గర తగాదాలున్నాయి, చేపల బజారులో రెండు వర్గాలున్నాయి, వినాయక చవితికి మూడు కమిటీలున్నాయి. సైన్యం మాత్రం లేదు. పక్క మండలంవాళ్ళు అప్పటికే రెండు సైన్యాలను పట్టేశారు. అందులో ఒకటి బ్యాండుమేళమనీ, రెండోది మగపెళ్ళివారనీ గిట్టనివాళ్ళు అన్నారు గానీ, లెక్కలో రెండు పడ్డాయి కదా.

బొండపేటకు ఈ పనిమీద వేసిన ప్రత్యేకాధికారి పేరు చిదంబరమూర్తి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇస్త్రీ మడత నలగకుండా కుర్చీలో కూర్చోగలడు. నెలన్నరపాటు జీపులో ఊరంతా తిరిగి, ఒక్క సిపాయి కూడా దొరక్క, సమీక్షా సమావేశాల్లో తల వంచుకుని కూర్చుంటున్నాడు. అలాంటి సమయంలో ఆయన నిఘా కోసం చేరిన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటైన, రాజుగారి వీధిలోని ఒక అపార్ట్‌మెంటువాళ్ళ గ్రూపులో బెహరా వకుళ అనే ఆవిడ ఒక కబురు పెట్టింది. "నా సైన్యం సిద్ధం. ఈ నెలాఖరున విశాఖలో యుద్ధం. డ్రాగన్ రెక్కలు ఒక్కటే మిగిలాయి. నీళ్ళ మోటారు మధ్యాహ్నం వేస్తే నాకు అభ్యంతరం లేదు."

మోటారు సంగతి అందరూ చదివారు. సైన్యం సంగతి చిదంబరమూర్తి చదివాడు.

వకుళ కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పళ్ళకు రంగు పట్టించడం ఆవిడ పని. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో, తాంబూలం పన్ను ఎలా ఉంటుందో, బీడీ పన్ను ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. ఆ చేత్తోనే సాయంత్రాలు ఇంట్లో కూర్చుని అంగుళమంత బొమ్మలకు రంగులు వేస్తుంది. బల్లమీద పరిచి, పాచికలు వేస్తూ, ఇద్దరు ఆడుకునే యుద్ధం ఆట అది. ఆవిడ పక్షాన నూట అరవై మంది సిపాయిలు. సగంమంది తుప్పు కత్తులు పట్టుకున్న అస్థిపంజరాలు, మిగతా సగం బరిసెలు పట్టుకున్న ఆకుపచ్చ మరుగుజ్జులు. అందరి వెనకాలా పిడికెడు డ్రాగన్. దాని పేరు చిట్టి. రెండేళ్ళ సాయంత్రాలు అందులో ఉన్నాయి. భర్త ఓడరేవులో క్రేను నడుపుతాడు, శనివారాలు వస్తాడు. అందుకని ఇంట్లో ఉండేదల్లా ఆవిడా, అత్తగారు నరసాయమ్మా, సైన్యమూ. కిందటేడు విశాఖలో ఈ ఆటకు పెట్టిన పోటీలో అందంగా రంగులు వేసిన సైన్యానికిచ్చే బహుమతి వెంట్రుకవాసిలో పోయింది. చిట్టి రెక్కలు పూర్తికాలేదు. ఈసారి రెక్కలకు సాయంకాలపు ఆకాశం రంగులు దింపాలని, మొదట్లో ఊదా, చివర్లో నారింజ, ఆవిడ వంటింటి కిటికీలోంచి పడమటివైపు చూసి చూసి పప్పు మాడబెట్టిన రోజులున్నాయి.

జీపు వచ్చి ఆగినప్పుడు తలుపు తీసింది నరసాయమ్మే. ఇద్దరు కానిస్టేబుళ్ళను వెనకాల నిలబెట్టి, "ఇక్కడ సైన్యం నిర్వహింపబడుతున్నట్లు సమాచారం అందినది," అన్నాడు చిదంబరమూర్తి.

"మా కోడలి సైన్యమా బాబూ? అదిగో, పప్పుడబ్బాల పక్కనుంది. చెప్పులు బయటిడిచి రండి."

అలమారు ముందు నిలబడి ఆయన చాలాసేపు చూశాడు. ఒక కానిస్టేబులు నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. వకుళ చేతిలో బ్రష్షుతోనే గదిలోంచి వచ్చింది.

"ఇవి బొమ్మలండీ సార్," అంది.

"బొమ్మలా, సైన్యమా అన్నది తేల్చే అధికారం తమకు దఖలుపరచబడలేదు. ఒకే నాయకత్వం కింద ఆయుధాలు ధరించి వరుసలో నిలబడగల సమూహం సైన్యంగా పరిగణింపబడును. నాయకత్వం తమదేనా?"

"నాదేనండి."

"ఆయుధాలు?"

"కత్తులూ, బరిసెలూ. కానీ సార్, గుండుసూదంత బరిసెలండి."

"వరుస?"

వకుళ అలమారు వైపు చూసింది. ముందురోజే దుమ్ము దులిపి, స్కేలు పెట్టి మరీ వరుసలు దిద్దింది.

"అంగుళం ఎత్తున్నారండీ," అంది నీరసంగా.

"ఎత్తు గురించి ఉత్తర్వులో ప్రస్తావన లేదు. పొట్టివారన్న కారణంగా వారిని సైన్యం కాదనడం వివక్ష కిందికి వచ్చును." ఆయన గొంతులో నెలన్నర తర్వాత మొదటిసారి కొంచెం తడి తగిలింది. బొండపేటకు సైన్యం దొరికింది.

రద్దు చేసుకుంటానంది వకుళ. రద్దుకు వీలుందిట, కాకపోతే సిపాయిలు ఒక్కొక్కరూ స్వయంగా వచ్చి, తాము ఇష్టపూర్వకంగా ఆయుధాలు విడుస్తున్నట్లు అధికారి ఎదుట నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే సైన్యాన్ని ప్రభుత్వం సహాయక దళంగా తీసుకుంటుంది. అది జరిగేదాకా దళం మండలం ఎల్లలు దాటరాదు. విశాఖ పోటీకి అప్పటికి మూడు వారాలే ఉంది.

దళంలోకి తీసుకోవాలంటే ఆరోగ్యపరీక్ష జరగాలి. సిపాయిలను బిస్కట్ల డబ్బాలో స్పాంజి పరిచి పడుకోబెట్టి, వకుళ ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళింది. డాక్టరు మొదట నవ్వాడు. తర్వాత ఉత్తర్వు చూశాడు. తర్వాత నవ్వలేదు. స్టెతస్కోపు ఒకసారి ఆనిస్తే నలుగురు అస్థిపంజరాలు దానికింద మాయమయ్యారు.

"వీళ్ళకి ఊపిరితిత్తులు లేవండీ," అన్నాడు డాక్టరు.

"లేవా, పనిచేయడం లేదా?" అని అడిగాడు చిదంబరమూర్తి.

"లేనే లేవు."

"అయితే ఊపిరితిత్తుల వ్యాధులు లేనట్లే. నమోదు చేయవలెను."

"నాడి కూడా లేదు. అసలు వీళ్ళు చచ్చిపోయినవాళ్ళండి. చూస్తున్నారు కదా, ఎముకలు."

చిదంబరమూర్తి ఉత్తర్వు తిరగేశాడు. "మరణించినవారు విధులు నిర్వర్తించరాదని ఏ నిబంధనలోనూ లేదు. ఆచరణలో కూడా పలు కార్యాలయాల్లో అభ్యంతరాలు రాలేదు."

డాక్టరు అస్థిపంజరాలందరికీ 'బరువు తక్కువ, మిగతా ఆరోగ్యం స్థిరం' అని రాశాడు. మరుగుజ్జుల ఆకుపచ్చ రంగు కామెర్లు కాదని చెప్పడానికి పావుగంట పట్టింది. చివరికి 'గుర్తింపు చిహ్నం: ఒళ్ళంతా పుట్టుమచ్చ' అని తేల్చారు. చిట్టిని వాహనాల కింద చూపించారు. పొగ వస్తుందా అని అడిగితే, నిప్పు వస్తుంది గానీ పొగ రాదని వకుళ చెప్పింది. మంచి వాహనం అన్నాడు డాక్టరు.

ఇంతవరకూ వకుళకు కోపం రాలేదు. ల్యాబులో చెప్పుకుని నవ్వుకుంది కూడా. అసలు పిడుగు ఆ తర్వాత పడింది. మంత్రిగారు బొండపేటలో ఒక వంతెన తెరవడానికి వస్తున్నారు. బందోబస్తుకు మనుషులు చాలడం లేదు. మిగులు బలగం ఎక్కడుందా అని డీఎస్పీ వెతికితే, చిదంబరమూర్తి సహాయక దళంలో నూట అరవై మంది ఖాళీగా కనిపించారు. ఒక్కరు సెలవులో లేరు, ఒక్కరికి ఆరోగ్యం బాగోలేదని లేదు. అలాంటి బలగాన్ని డీఎస్పీ తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. మొత్తం దళాన్నీ వంతెన రోడ్డు మీద వేసేశాడు. విధిలోకి వెళ్ళేవాళ్ళు యూనిఫారంలో ఉండాలి కాబట్టి, వచ్చే సోమవారంలోగా దళమంతటికీ, వాహనంతో సహా, ఖాకీ రంగు వేయాలని ఆదేశం.

వకుళ ఆ రాత్రి అన్నం తినలేదు. ఒక్కొక్క అస్థిపంజరానికి ఒక్కొక్క రకం పన్ను వేసింది. పచ్చవాళ్ళలో ప్రతివాడి చెవి అంచునా లేత గులాబీ గీత ఉంది, ఎండకెదురుగా చెవి పెడితే రక్తం కనబడినట్టు. ఇప్పుడు అన్నిటిమీదా ఖాకీ.

"చిట్టికి ఖాకీ నప్పదే," అంది నరసాయమ్మ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి. "ఆర్టీసీ కండక్టర్లాగుంటాది."

ఆ మాటకు వకుళ నవ్వబోయి ఏడ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం చిదంబరమూర్తి రంగుల పని పర్యవేక్షించడానికి స్వయంగా వచ్చాడు. వకుళ బల్లమీద దీపం వెలిగించి, భూతద్దం సర్ది, ఖాకీ కలిపింది. ఒక అస్థిపంజరాన్ని పట్టుకుంది. బ్రష్షు బొమ్మ దాకా వెళ్ళింది, ఆగింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఆగింది.

"నా వల్ల కాదండీ. మీరే వెయ్యండి," అని బ్రష్షు ఆయన చేతిలో పెట్టి లేచిపోయింది.

ప్రభుత్వాదేశం ఆగిపోవడానికి వీల్లేదు కనుక ఆయన కూర్చున్నాడు. చొక్కా చేతులు మడిచాడు. భూతద్దంలోకి వంగాడు.

అలా వంగినవాడు లేవలేదు. నరసాయమ్మ టీ తెచ్చిపెట్టింది, చల్లారింది. మరో టీ తెచ్చింది, అదీ చల్లారింది. ఇంతకుముందు ఆయన సైన్యాన్ని చూశాడు గానీ సిపాయిని చూడలేదు. ఇప్పుడు పుర్రె మీద వెంట్రుకంత పగులు కనిపించింది. దవడలో ఒక పన్నుకు గార పట్టి ఉంది. డాలు అంచున ఆవగింజలో పావు వంతు సాలీడు.

"ఇది తుప్పేనా?" అన్నాడు ఉన్నట్టుండి.

"రంగేనండి. గోధుమరంగు వేసి, ఆరకముందే నారింజ అద్దేను."

"నిజం తుప్పులాగుందమ్మా. మా ఆఫీసు బీరువాకి అచ్చం ఇలాగే ఉంటుంది." ఆయన బ్రష్షు పక్కన పెట్టేశాడు. "ఈ సాలీడు మీద ఖాకీ వెయ్యడం నా చేత కాదు."

తర్వాత ఆయన, గొంతు తగ్గించి, రంగు వేయనివి ఏమైనా మిగిలాయా అని అడిగాడు. అదనంగా ఉన్న ఒక మరుగుజ్జును ఇచ్చింది వకుళ. ఆకుపచ్చ మొదట పల్చగా వేయాలనీ, ఊపిరి బిగబట్టి కన్ను పెట్టాలనీ చెప్పింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఒక కన్ను ముక్కు దగ్గరికీ ఇంకోటి చెవి దగ్గరికీ వెళ్ళింది. అయినా పైకెత్తి దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి, "వీడు నన్నే చూస్తున్నాడు," అన్నాడు.

"మెల్లకన్ను బాబూ. ఎవరినైనా చూస్తాడు," అంది నరసాయమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆఫీసునుంచి ఫోను చేశాడు. రాత్రంతా నిబంధనలు తిరగేశాడట. "ఖాకీ అక్కర్లేదమ్మా. మఫ్టీలో విధులు నిర్వర్తించు సిబ్బందికి యూనిఫారం వర్తించదు. తమ దళం సాంతం రహస్య విభాగంగా మార్చబడినది. ఎవరి దుస్తుల్లో వారు ఉండవచ్చును. ఎముకలవారు ఎముకల్లోనే ఉండవచ్చును."

సోమవారం వంతెన రోడ్డు డివైడరు మీద, బంతిపూల కుండీల మధ్య, జానెడుకొకరు చొప్పున రహస్య విభాగం నిలబడింది. చిదంబరమూర్తి తన మెల్లకన్నువాణ్ణి అందరికంటే ముందు, స్వాగత ద్వారం పక్కనే నిలబెట్టాడు. సేనాధిపతి హోదాలో వకుళ రోడ్డు అటు చివర్నుంచి ఇటు చివరిదాకా తిరుగుతూ, కుండీలకు నీళ్ళు పోసేవాళ్ళను బతిమాలుకుంటోంది. మంత్రిగారి కార్లు మలుపు తిరుగుతుండగా ఒక కాకి వాలింది. మెల్లకన్నువాణ్ణి ముక్కున కరుచుకుని స్వాగత ద్వారం ఎక్కి కూర్చుంది.

వకుళ ముందూ వెనకా చూడలేదు. చెప్పు తీసి విసిరింది. తగల్లేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ద్వారానికి కట్టిన వెదురుబొంగు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఆవిడ సగం ఎక్కేసరికి మంత్రిగారు కారు దిగి, మెడలో గజమాలతో ద్వారం కిందికి వచ్చేశారు. నలుగురు కానిస్టేబుళ్ళు వచ్చి ఆవిణ్ణి బొంగునుంచి ఊడబీకారు. ద్వారం ఊగింది. కాకి ఎగిరింది. మెల్లకన్నువాడు మంత్రిగారి మెడలోని గజమాలలో పడ్డాడు. ఎవరూ చూడలేదు, వకుళా చిదంబరమూర్తీ తప్ప.

మంత్రిగారు చుట్టూ చూశారు. "ఈ నలుగురూ తప్ప రోడ్డు మీద పోలీసులు కనబడరేం?" అని అడిగారు.

"మఫ్టీలో ఉన్నారు సార్. నూట అరవై మంది," అన్నాడు డీఎస్పీ.

మంత్రిగారు డివైడరు చూశారు, బంతిపూలు చూశారు. "ఎంత గాలించినా ఒక్కడు కనబడడం లేదు. ఇదయ్యా మఫ్టీ అంటే. మరి ఆ మనిషిని పట్టించింది వాళ్ళేనా?"

"వాళ్ళ సమక్షంలోనే సార్."

మంత్రిగారు మాలతో సహా కారెక్కి రాజధానికి వెళ్ళిపోయారు. సాయంత్రానికి మెల్లకన్నువాణ్ణి మంత్రిగారి ఆంతరంగిక భద్రతకు బదిలీ చేసినట్లు చిదంబరమూర్తి రాసుకున్నాడు. రాసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చేరి మూడురోజులు కాలేదు, ఎంత పైకెళ్ళిపోయాడు అనుకున్నాడు.

పోలీసు స్టేషన్లో వకుళ బెంచీ మీద ఒంటికాలి చెప్పుతో కూర్చుంది.

"ద్వారం ఎందుకెక్కేవమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా సిపాయిని కాకెత్తుకుపోయిందండి."

ఇన్‌స్పెక్టరు కలం కిందపెట్టి, మంచినీళ్ళు తెప్పించి ఆవిడకిచ్చాడు. అంతలో చిదంబరమూర్తి వచ్చి, ఈవిణ్ణి తక్షణం విడిచిపెట్టాలన్నాడు.

"ఎవరండీ ఈవిడ?"

"వెల్లడించడానికి వీలులేదు."

"ఏం చేస్తుంటారు?"

"అది అసలే వీలులేదు."

"ఈవిడ కింద మనుషులున్నారా?"

"నూట అరవై మంది అని వెల్లడించడానికి వీలులేదు."

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. టోపీ పెట్టుకుని వకుళకు సెల్యూట్ కొట్టాడు. రెండో చెప్పు వెతికించి, జీపులో ఇంటి దగ్గర దింపించాడు. నరసాయమ్మ కోడల్ని జీపులో చూసి, "ఈ పూట కూర నువ్వు వండక్కర్లేదులే," అంది గౌరవంగా.

ఆ వారంలో చిట్టి రెక్కలు పూర్తయ్యాయి. ఊదా, ఎరుపు, నారింజ, ఆ చివర ఒక పసుపుచుక్క. విశాఖకు వెళ్ళడానికి ఇక అడ్డు లేదనుకుంది వకుళ. అయితే రహస్య విభాగం మండలం దాటితే అధికారి వెంట ఉండాలి. చిదంబరమూర్తి వెంట వచ్చాడు. ఒళ్ళో బిస్కట్ల డబ్బా పెట్టుకుని, రైల్లో కిటికీ పక్కన కూర్చుని, సొరంగం వచ్చిన ప్రతిసారీ మూత మీద చెయ్యి వేశాడు.

పోటీ జరిగే హాల్లో బల్ల దగ్గర ఉన్న అమ్మాయి అడిగింది. "మీ ఆర్మీ పేరేంటండీ?"

వకుళ నోరు తెరిచేలోగా, "పేరు లేదు," అన్నాడు చిదంబరమూర్తి.

"ఎంతమంది?"

"ఎవరూ లేరు."

"మరి పోటీకి ఏం తెచ్చారు?"

"వెల్లడించడానికి వీలులేదు."

"సార్," అంది వకుళ పళ్ళబిగువున, "రెండేళ్ళండీ. ఈ ఒక్కరోజుకి."

ఆయన ముఖం ఎర్రబడింది. తప్పుచేస్తున్నానని ఆయనకు తెలుసు. ఏది తప్పో మాత్రం తెలియలేదు. డబ్బాలోని వాళ్ళను చూపిస్తే రహస్యం పోతుంది. చూపించకపోతే ఆ సాలీడు మళ్ళీ ఎవరికీ కనబడకుండా పోతుంది. నిబంధనల్లో ఎక్కడైనా సందుందా అని కళ్ళుమూసుకుని వెతికాడు. దొరికింది. చూసినవారు చూడలేదని ఒప్పుకుంటే చూపించవచ్చు.

సైన్యాన్ని బల్లమీద పేర్చారు. న్యాయనిర్ణేత కమలినీబాయి అనే పెద్దావిడ, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం పెట్టుకుని వచ్చింది. చిదంబరమూర్తి షరతు విని, కనుబొమ్మ ఎగరేసి, సరేనంది. వంగింది. అస్థిపంజరాల పళ్ళు ఒక్కొక్కటే చూసింది. మరుగుజ్జుల చెవులు చూసింది. చిట్టి రెక్క దగ్గర ఆగిపోయి, పక్కనున్న కిటికీలోంచి ఒకసారి పడమటి ఆకాశం చూసి, మళ్ళీ రెక్క చూసింది. హాల్లో జనం ఒక్కొక్కరే వచ్చి బల్లచుట్టూ మూగారు. చిదంబరమూర్తి అందరినీ పేరుపేరునా, "తమరు చూడలేదు కదా?" అని అడుగుతున్నాడు. "అబ్బే, చూళ్ళేదండీ," అంటూ సందుల్లోంచి తలలు దూర్చి చూస్తున్నారు.

కమలినీబాయి నడుం పట్టుకుని లేచింది. కంటికున్న అద్దం తీసింది.

"నేను ఇక్కడేమీ చూళ్ళేదు," అంది. "ఇరవయ్యేళ్ళుగా ఈ పోటీ చూస్తున్నాను. ఇంత అందంగా ఏమీ లేకపోవడం ఎన్నడూ చూళ్ళేదు. మొదటి బహుమతి దీనికే."

కప్పు ఇచ్చారు. పేరు చెక్కాల్సిన చోట ఏమీ చెక్కలేదు. వకుళ దాన్ని రెండు చేతులా పట్టుకుని, అమాంతం నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

తిరుగు రైల్లో ఆవిడ డబ్బా పట్టుకుంది, ఆయన కప్పు పట్టుకున్నాడు. ఎదుటి సీటులో జీడిమామిడి తోటల ఆసామి ఒకడు కాసేపు కప్పును చూశాడు. దానిమీద పేరు కోసం మెడ తిప్పి వెతికాడు.

"ఎవరిదండీ ఆ కప్పు?" అని అడిగాడు.

"ఎవరిదీ కాదు," అన్నాడు చిదంబరమూర్తి.

ఆసామి తలూపి కిటికీవైపు తిరిగాడు. రైలు ఒక స్టేషను దాటింది. చిదంబరమూర్తి కప్పును చేతిరుమాలుతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. వకుళ వైపు చూశాడు. ఆవిడ డబ్బా మూత సందులోంచి చిట్టిని చూసుకుంటోంది. ఆయన ముందుకు వంగి, ఆసామి మోకాలు తట్టి, చెవిలో చెప్పాడు.

"మాదండీ."